కళ్ళంలో నిలబడ్డ వరస

సిమాలోస్ అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. నేర్పినవాడు స్ట్రాటోన్. ఆయనకంటే పదమూడేళ్ళు చిన్నవాడు, కొండమీద ఆయనతో కలిసి బొగ్గుల బట్టీ కాల్చేవాడు. గుడిసె లోపలి గోడకి సున్నం పూసి, దానిమీద బొగ్గుముక్కతో ఒక్కో అక్షరం గీసి చూపించేవాడు. బట్టీలోంచి తెల్లపొగ వస్తున్నంతసేపూ కూర్చోవచ్చు. నీలం తిరిగిందంటే లేచి పరిగెత్తి మట్టి కప్పాలి, లేకపోతే పదిరోజుల కష్టం బూడిదైపోతుంది. అలా పొగ రంగు మారేలోపు దొరికిన కాస్త తీరికలోనే మా సిమాలోస్ అక్షరాలన్నీ పట్టేశాడు.

"ఇదేంటన్నా, అక్షరం గీశావా, నడుం విరిగిన పాముని గీశావా?" అనేవాడు స్ట్రాటోన్.

"నవ్వరా నవ్వు. రేపు ఊరందరి ముందూ ఊరివాళ్ళ పేర్ల జాబితా చదవలేక నోరు తెరుచుకు నిలబడ్డాననుకో, జనం నవ్వేది నన్ను చూసి కాదు. ఇతనికి పాఠం చెప్పిన మొనగాడెవడ్రా అని నిన్ను చూసే."

గోడమీద ఆయన తనంతట తాను రాసిన మొదటి పేరు సిమాలోస్. రెండోది స్ట్రాటోన్. ఆ గోడ ఇప్పటికీ ఉంది. సున్నం ఊడిపోయింది కానీ, వంకర రాతలు కొన్ని మిగిలాయి.

ఈ వయసులో చదువెందుకంటే, ఆ వేసవిలో తెల్ల గింజ ఆయన చేతికొచ్చింది. ఏథెన్స్ పట్నం కింద ఉన్న మా స్కీనోస్ ఊళ్ళో ఊరిపెద్దని ఎన్నుకోం. కుండలో చిక్కుడు గింజలు వేస్తాం, అన్నీ నల్లవి, ఒక్కటి తెల్లది. పేరిచ్చినవాళ్ళు వరసగా వచ్చి చెయ్యిపెట్టి తీస్తారు. తెల్లది ఎవరికొస్తే వాళ్ళు ఆ ఏడాదికి పెద్ద. పెద్ద ఇళ్ళవాళ్ళకి ఇది మొదట్నుంచీ మింగుడుపడని పద్ధతే. గుర్రాల అల్కిమెనెస్ అయితే ఆ రోజు గట్టిగానే అనేశాడు.

"బాగుంది. ఈ ఏడాది మన జాబితా అంతా మసి."

సిమాలోస్ తల్లి మెలిత్తాకి ఈ మాట చేరింది. డెబ్భై అయిదేళ్ళ మనిషి, కళ్ళు మసకబారాయి కానీ నోరు మొద్దుబారలేదు.

"వాడికి చెప్పండర్రా, చేతులెత్తి ఎన్నుకుంటే ప్రతిసారీ గుర్రం ఉన్నవాడే గెలుస్తాడు. గింజకి గుర్రం కనబడదు. అందుకే పెట్టారు గింజని" అంది వాకిట్లో ఉన్ని దువ్వుకుంటూ.

పెద్ద కుర్చీలో కూర్చునేముందు సిమాలోస్ బలిరాయి మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశాడు. పేర్లు ఉన్నవి ఉన్నట్టు చదువుతాను, ఓటుకి వేసిన రాళ్ళు వేసినట్టు లెక్కపెడతాను, ఎవరిమీదా పగ పెట్టుకోను, ఎవరి పక్షమూ వహించను. ఏడాది తిరిగాక ఊరికి జవాబు చెబుతాను. అంతే ప్రమాణం. ఆ చివరి రెండు ముక్కలే తర్వాత ఆయన మెడకి చుట్టుకున్నాయి.

చలికాలంలో పట్నం నుంచి కబురొచ్చింది. ఐగుప్తు రాజొకడు ఏథెన్స్ జనానికి ఓడలకొద్దీ గోధుమలు బహుమానంగా పంపాడట, పౌరులందరికీ పంచుతారట. కబురు విని అందరం సంతోషించాం. వెనకే రెండో కబురు. ఎవరు పౌరుడో, ఎవరు కాదో ముందు తేల్చండి. ప్రతి ఊరూ తన జాబితాలోని పేర్లు ఒక్కొక్కటీ చదివి, ఓటేసి, ఉంచేవాణ్ణి ఉంచి, తీసేవాణ్ణి తీసేయాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ పౌరులైతేనే పౌరుడని ఆరేళ్ళ కిందట చట్టం వచ్చింది కానీ, అప్పుడు దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. గోధుమలొచ్చాక అందరికీ పక్కవాడి తల్లి గుర్తొచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం బట్టీ దగ్గర స్ట్రాటోన్ బార్లీ ముద్ద చేతిలో పట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"ఏంట్రా, ఉల్లిపాయ ఘాటుగా ఉందా?"

"అల్కిమెనెస్ నా పేరుకి అడ్డం చెబుతాడట అన్నా. మా నాన్న సంగతి తీస్తాడట."

ఇద్దరికీ తెలిసిన సంగతే అది. స్ట్రాటోన్ తండ్రి పేరు మనెస్. ఆ పేరు వింటేనే మా దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది, సముద్రం అవతల ఎక్కడో ఫ్రిజియాలో కొని తెచ్చిన బానిస అని.

"ఊరు తీసేస్తే కోర్టుకి వెళ్ళాలి. అక్కడా ఓడితే అమ్మేస్తారు నన్ను" అన్నాడు స్ట్రాటోన్. "మా నాన్న ఏ సంతలోంచి బయటపడ్డాడో, ఆ సంతకే నేను వెళ్ళాలి. నా పిల్లలకి ఏం చెప్పను?"

"నేను చూస్తాలే."

"నువ్వేం చూస్తావు? నువ్వే అసలు చూడకూడదు. ప్రమాణం చేశావు. పెద్ద కుర్చీలో ఉండి నా వైపు ఒక్క మాట మాట్లాడావంటే ఏడాది తిరిగాక నిన్ను పీక్కుతింటాడు వాడు. పేరు చదువు, రాళ్ళు లెక్కపెట్టు. అంతే. నాకు మాటివ్వు."

పొగ నీలం తిరిగింది. సిమాలోస్ పార తీసుకుని లేచాడు. మాట మాత్రం ఇవ్వలేదు.

సాయంత్రం తల్లి దగ్గర కూర్చుని అడిగాడు. "అమ్మా, ఊరు తిరిగొచ్చాక కళ్ళంలో వరస నిలబడ్డారే, ఆ వరస నీకు గుర్తుందా? నేనూ చూశాను కానీ సగమే గుర్తుంది."

ఆ వరస సంగతి చెప్పాలి. ముప్ఫై అయిదేళ్ళ కిందట పర్షియా సైన్యం వచ్చి మా దేశమంతా తగలబెట్టింది. ఆడవాళ్ళూ పిల్లలూ దీవులకి పారిపోయారు, మగవాళ్ళు ఓడలెక్కారు. గెలిచి తిరిగొచ్చేసరికి స్కీనోస్‌లో గోడలు తప్ప ఏమీ లేవు. గుళ్ళో ఉండే తెల్లపలక, ఊరివాళ్ళ పేర్లన్నీ రాసుకున్నది, పిడికెడు బూడిద. మరి ఎవరు స్కీనోస్ వాడు, ఎవరు కాదు? అప్పటి పెద్ద ఒక ఉపాయం చేశాడు. మగవాళ్ళందర్నీ కళ్ళంలో వరసగా నిలబెట్టాడు. మొదట ఊళ్ళో అందరికంటే ముసలాయన. ఆయన తన పక్కవాడి చెయ్యి పట్టుకుని, "ఇతను స్కీనోస్ వాడు" అనాలి. ఎవరూ కాదనకపోతే పేరు రాస్తారు. రాసినవాడు తన పక్కవాడి చెయ్యి పట్టుకుంటాడు. అలా చివరిదాకా. మా జాబితా అంతా ఆ చేతుల మీద రాసిందే.

"గుర్తు లేకేం" అంది మెలిత్తా. "మీ నాన్న ఫిలాగ్రోస్ వరసలో సగానికి అటూ ఇటూగా నిలబడ్డాడు. మనెస్ వరసలో లేడు. పక్కన నీళ్ళకుండ పట్టుకుని ఉన్నాడు. యజమాని ఓడమీదే చచ్చిపోతే ఆయన తెడ్డు తాను పట్టి, మీ నాన్న పక్కనే కూర్చుని తెడ్డేసినవాడు. మీ నాన్న వంతు వచ్చేసరికి ఆ కుండ లాక్కుని కింద పెట్టించి, చెయ్యి పట్టుకున్నాడు. ఇతను స్కీనోస్ వాడు అన్నాడు."

"ఎవరైనా ఏమన్నారా?"

"ఒక్కరూ అనలేదు. వాళ్ళందరికీ తెలుసు, వాడెవడో. తెలిసే ఊరుకున్నారు. రాసే అతను కాసేపు ఆగాడు. ఆగి రాశాడు."

"మనెస్ తర్వాత ఎవరు?"

ముసలమ్మ నవ్వింది. "అల్కిమెనెస్ తండ్రి. ఆయనే చెయ్యి చాపాడు, పట్టుకోరా, చలేస్తోంది, తొందరగా కానీ అని. మనెస్ తడబడి, రెండుసార్లు అన్నాడు పాపం. ఇతను స్కీనోస్ వాడు, ఇతను స్కీనోస్ వాడు అని."

కాసేపు ఉన్ని దువ్వి మళ్ళీ తనే అందుకుంది.

"మనదీ అంతేరా. నా చిన్నతనంలో మనిషి ఎవరంటే తండ్రి పేరు చెప్పేవాళ్ళు. తండ్రికి పేరుంటే నీకుంది. లేకపోతే నువ్వు గాలికి పుట్టినట్టే. నాకు పన్నెండేళ్ళప్పుడు పట్నంలో గొడవైంది. పెద్ద ఇళ్ళవాళ్ళు రెండు ముక్కలై కొట్టుకుని, ఒకడు స్పార్టా సైన్యాన్ని పిలిచి పట్నం నడిబొడ్డున గుట్టమీద కూర్చోబెట్టాడు. అప్పుడు చెప్పులు కుట్టేవాళ్ళూ, కుండలు చేసేవాళ్ళూ, ఎవరూ పిలవకుండానే పోయి ఆ గుట్టని చుట్టుకున్నారు. మా నాన్న కూడా పోయాడు, బట్టీ పార పట్టుకుని. రెండు రోజులు కదల్లేదు. మూడోనాడు స్పార్టా వాళ్ళే దిగి పోయారు. అప్పుడొచ్చింది ఈ పద్ధతి. తండ్రి పేరు వద్దు, ఊరి పేరు చెప్పుకోండి అన్నారు. ఆ రోజు ఊళ్ళో ఎవరుంటే వాళ్ళని రాసేశారు. మీ నాన్న తండ్రి, మీ తాత, పారోస్ దీవి నుంచి రాళ్ళు కొట్టడానికొచ్చినవాడు. పొద్దున పారోస్ వాడు, సాయంత్రానికి స్కీనోస్ వాడు."

"దానికిప్పుడు పట్నంలో ఓ పేరు పెట్టారమ్మా. డెమోక్రటియా. జనం చేతిలో బలం అని."

"పేరు ఇప్పుడు పెట్టారు, పని అప్పుడే మొదలైంది. జనం అంటే ఎవరు అన్న గొడవ మాత్రం ఇంకా తెగలేదు."

"ఆ జనంలో నువ్వున్నావా అమ్మా?"

"నన్నెవరడుగుతార్రా! మంద లెక్కపెట్టేటప్పుడు కుక్కని లెక్కేస్తారా? అది కాపలా కాయడమే." ఆవిడ దువ్వెన పక్కన పెట్టింది. "కుక్కకి మాత్రం ఏ గొర్రె ఎప్పుడు మందలో కలిసిందో బాగా గుర్తుంటుంది."

సమావేశం వసంతంలో, అదే కళ్ళంలో. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, ఊరివాడిగా అది నా మొదటి సమావేశం. వచ్చినవాళ్ళం డెబ్భై ఒక్కమందిమి. బలి అయ్యింది. సిమాలోస్ తలమీద పెద్దకి పెట్టే ఆకుల దండ పెట్టుకుని, పలక ఎత్తి చదవడం మొదలుపెట్టాడు. చదువుతుంటే మొదట కొందరు నవ్వారు, ఒక్కో అక్షరం మీదా ఆగి అడుగులేస్తున్నాడని. కొంతసేపటికి నవ్వు ఆగిపోయింది. ఒక్క పేరు కూడా తప్పు చదవలేదు ఆయన.

పేరు చదవగానే ఎవరైనా అడ్డం చెబితే మాటలు, లేకపోతే వెంటనే ఓటు. మనిషికో గులకరాయి ఇస్తారు. తడిక వెనక రెండు కుండలు, కుడివైపుది ఉంచడానికి, ఎడమవైపుది తీసేయడానికి. ఏ కుండలో వేశావో ఎవరికీ కనబడదు.

ఎక్కువ పేర్లకి అడ్డం రాలేదు. స్ట్రాటోన్ పేరు దగ్గర సిమాలోస్ గొంతు మారలేదు కానీ, ఆ ఒక్క పేరూ పలకవైపు చూడకుండా చదివాడు.

అల్కిమెనెస్ లేచాడు.

"స్ట్రాటోన్, మనెస్ కొడుకు. మనెస్! అది మన పేరేనా? మా ఇంట్లో ఇద్దరు మనెస్‌లున్నారు. ఒకడు గుర్రాల లద్దె ఎత్తుతాడు. ఒకడు నా కాళ్ళు కడుగుతాడు."

"నీ కాళ్ళు నువ్వు కడుక్కోలేవా బావా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"నవ్వండి. చట్టం నవ్వదు. తండ్రి పౌరుడై ఉండాలి. వీడి తండ్రి ఎవరో, ఎక్కడివాడో, ఎవరు సాక్షి? చెప్పవయ్యా స్ట్రాటోన్."

స్ట్రాటోన్ ముందుకొచ్చాడు. కొండమీద అంత మాటకారి, ఇక్కడ నాలుగు ముక్కల్లో ముగించాడు. "మా నాన్న ఓడమీద తెడ్డేశాడు. ఈ కళ్ళంలోనే ఆయన పేరు రాశారు. మా అమ్మ ఈ ఊరి పిల్ల, మీకందరికీ తెలుసు. నాకింతకంటే తెలీదు."

"రాయించింది ఎవరు?"

"ఫిలాగ్రోస్."

"చచ్చిపోయాడు. ఇంకెవరు?"

ఆ వరసలో నిలబడ్డవాళ్ళలో బతికున్నది ముగ్గురే. ఒకాయనకి చెముడు, ఏం జరుగుతోందో తెలియక చిరునవ్వుతో కూర్చున్నాడు. ఒకాయన మంచంపట్టి రాలేదు. మూడో ఆయన అల్కిమెనెస్ తోటలో పనిచేస్తాడు, నేలచూపులు చూశాడు.

అప్పుడు సిమాలోస్ తలమీది దండ తీశాడు. తీసి బలిరాయి మీద పెట్టి, మెట్టు దిగి, స్ట్రాటోన్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"వద్దన్నా" అన్నాడు స్ట్రాటోన్ నెమ్మదిగా. దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"పెద్ద దిగకూడదు! ప్రమాణం ఉంది!" అని అరిచాడు అల్కిమెనెస్.

"ఉంది. దిగాను. దానికి వేసవిలో జవాబు చెబుతాను. ఇప్పుడు నేను సాక్షిని. నాకప్పుడు పదకొండేళ్ళు, ఆ గోడమీద కూర్చుని చూశాను." సిమాలోస్ ఎప్పుడూ జనంలో మాట్లాడిన మనిషి కాదు. బట్టీ దగ్గర ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడాడు. "అల్కిమెనెస్ చెప్పింది నిజం. మనెస్ కొనుక్కొచ్చిన మనిషే."

కళ్ళమంతా ఒక్కసారి గోలెత్తింది. స్ట్రాటోన్ కళ్ళు మూసుకున్నాడు.

"అది మా నాన్నకి తెలుసు. మీ నాన్నలకీ తెలుసు. నీ తండ్రికీ తెలుసు, అల్కిమెనెస్. ఇతను స్కీనోస్ వాడు అని మా నాన్న అన్నప్పుడు, కాదు అనడానికి ఎనభైమందికి నోళ్ళున్నాయి. ఎవరూ తెరవలేదు. ఆ రోజు రాళ్ళు లేవు, కుండలు లేవు. కానీ అది ఓటే. ఊరు ఓటేసి మనెస్‌ని తనవాడిగా చేసుకుంది. మా తాతని కూడా అంతకుముందు అలాగే చేసుకుంది. మీలో ఎంతమంది తాతలు ఎక్కడినుంచి వచ్చారో నేను చెప్పను, మీకే తెలుసు."

"మా తాత కాదు!"

"సరే, నీ తాత కాదు. కానీ మనెస్ తర్వాత వరసలో నిలబడ్డది ఎవరు? నీ తండ్రి. ఇతను స్కీనోస్ వాడు అని మనెస్ చెబితేనే ఆయన పేరు ఈ పలకెక్కింది. ఆయన తర్వాత ఇంకో ముప్ఫైమంది. మనెస్ మాట చెల్లదంటే వాళ్ళందరి పేర్లూ ఏ మాట మీద నిలబడతాయి?"

అల్కిమెనెస్ మొహం ఎర్రబడింది. "నా తండ్రి ఎవరో ఏథెన్స్ అంతా తెలుసు! మనెస్ చెప్పాలా?"

"అందరికీ తెలుసు. చెప్పింది మాత్రం మనెసే. నీ తండ్రే చెయ్యి చాపాడు, చలేస్తోంది తొందరగా పట్టుకోరా అని." సిమాలోస్ ఆగాడు. "ఆయన మంచివాడు. నాకిష్టం ఆయనంటే."

వెనక్కి నడిచి, మెట్టెక్కి, దండ మళ్ళీ తలమీద పెట్టుకున్నాడు. "ఓటు" అన్నాడు.

తన వంతు రాయి తాను వేయలేదు. బలిరాయి పక్కన పెట్టేశాడు. మేం ఒక్కొక్కరం తడిక వెనక్కి వెళ్ళొచ్చాం. నేను కుడి కుండలో వేశాను. చెయ్యి లోపలిదాకా పెట్టి వదిలాను, చప్పుడు కాకుండా.

లెక్కపెట్టేటప్పుడు సిమాలోస్ ఒక్కో రాయీ అందరికీ కనబడేలా పైకెత్తి పలక మీద పెట్టాడు. ఉంచడానికి ముప్ఫై ఏడు. తీసేయడానికి ముప్ఫై మూడు. ఎడమ కుండ రాళ్ళు ఇంకోసారి లెక్కపెట్టమని అల్కిమెనెస్ అడిగితే, ఇంకోసారి లెక్కపెట్టాడు. ముప్ఫై మూడే.

"స్ట్రాటోన్, స్కీనోస్ వాడు" అన్నాడు. తర్వాతి పేరు చదివాడు.

స్ట్రాటోన్ కళ్ళం దాటి, గోడ పక్కన మోకాళ్ళమీద కూర్చుండిపోయాడు. ఆ రోజు మా ఊళ్ళో ఇద్దరి పేర్లు మాత్రం పోయాయి. ఒకతని కోసం ఎవరూ మాట్లాడలేదు. దిగొచ్చే సిమాలోస్ అతనికి లేడు. ఈ మాట ఆ వేసవిలో అల్కిమెనెసే అన్నాడు, అందులో అబద్ధమేమీ లేదు.

వేసవి వచ్చింది. ఏడాది పూర్తయిన పెద్ద ఊరికి జవాబు చెప్పే రోజు. గింజలు తీసి ముగ్గుర్ని విచారించడానికి పెట్టారు. పండగల ఖర్చు, బలి మేకలు, అన్నీ సరిపోయాయి. ఇంకేమైనా ఉందా అని అడగ్గానే అల్కిమెనెస్ లేచాడు. ఈసారి వెటకారం లేదు, చాలా మర్యాదగా మాట్లాడాడు, అదే ఎక్కువ భయం వేసింది.

"ఎవరి పక్షమూ వహించనని ప్రమాణం చేశాడు. ఒకరి పక్షాన దిగాడు. తీసేసిన ఇద్దరిలో ఒకడి తరఫున ఎవరూ మాట్లాడలేదు, వాడికి బట్టీలో వాటా లేదు కాబట్టి వాడికోసం దిగలేదు. నేనడిగేది ఒక్కటే. ప్రమాణం తప్పాడా, లేదా?"

"నువ్వేమంటావు సిమాలోస్?" అన్నారు విచారించేవాళ్ళు.

"తప్పాను."

"కారణం చెప్పుకుంటావా?"

"మీకు తెలుసు." కాస్త ఆలోచించాడు. "నేను మంచికే దిగాననుకుంటున్నాను. రేపు ఇంకొకడు కుర్చీలో ఉండి చెడుకి దిగుతాడు, వాడూ అదే అనుకుంటాడు. సిమాలోస్‌ని వదిలేశారుగా అంటాడు. నాకు చేతనైనంత చేశాను, మీకు న్యాయం అనిపించింది మీరు చేయండి."

ఇది చేతులెత్తే ఓటు. ప్రమాణం తప్పాడని ఎవరనుకుంటున్నారు అన్నప్పుడు నా చుట్టూ చేతులు లేచాయి. వసంతంలో కుడి కుండలో రాయి వేశామని చెప్పుకున్నవాళ్ళవి కూడా. నా చెయ్యీ లేచింది. ఆయన తప్పాడు, నేను చూశాను, ఇంకెలా ఎత్తకుండా ఉండను? ఆ చెయ్యి దించాక రెండు రోజులు నాకు తిండి సయించలేదు.

లేదు అన్నవాళ్ళలో మొదట లేచిన చెయ్యి స్ట్రాటోన్‌ది. అందరూ దించేసినా దించలేదు. విచారించేవాళ్ళే, "లెక్కపెట్టాం, దించవయ్యా" అనాల్సొచ్చింది.

సిమాలోస్ మాట పోయింది. అంటే ఊరి సమావేశంలో గానీ పట్నం సమావేశంలో గానీ మాట్లాడకూడదు, చెయ్యెత్తకూడదు, గింజల కుండలో చెయ్యి పెట్టకూడదు, చచ్చిపోయేదాకా. ఇల్లుంది, బట్టీ ఉంది, పలక మీద పేరూ ఉంది. నోరూ చెయ్యీ మాత్రం లేవు.

మెలిత్తా ఆ సాయంత్రం కొడుక్కి కాళ్ళకి నీళ్ళిచ్చి, పక్కన కూర్చుని, "రారా, నా పక్కకొచ్చేశావు. ఇక ఇద్దరం కుక్కలమే, కాపలా కాద్దాం" అందట. చాలారోజుల తర్వాత సిమాలోసే చెప్పాడు నాకు. చెప్పి నవ్వాడు.

ఆ తర్వాత ఆయన పదిహేడేళ్ళు బతికాడు. పట్నంలో సమావేశం ఉన్న ప్రతిసారీ స్ట్రాటోన్‌తో కలిసి గాడిదల మీద బొగ్గుబస్తాలేసుకుని తెల్లవారకముందే బయల్దేరేవాడు. సంతలో బస్తాలు దింపి, సమావేశం జరిగే కొండకింద తాడు కట్టిన చోటిదాకా నడిచేవాడు. తాడు అవతల ఓటున్న పౌరులు. ఇవతల ఆయన, ఖాళీ బస్తాలమీద కూర్చుని.

మొదటి ఏడాది ఒకసారి నేనూ వాళ్ళతో వెళ్ళాను. లోపలికి వెళ్ళబోతూ స్ట్రాటోన్ ఆగాడు.

"అన్నా, ఇవాళ ఓడలు పంపాలా వద్దా అన్న ఓటు. ఏం చెయ్యను?"

"నన్నడుగుతావేంట్రా?"

"నీ చెయ్యి పోయింది నా వల్ల. ఇక నాది నీదే. ఎత్తమంటే ఎత్తుతాను, వద్దంటే లేదు. ప్రతిసారీ ఇంతే, చెబుతున్నా."

సిమాలోస్‌కి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. బస్తా మీంచి లేచి నిలబడ్డాడు.

"నీ చెయ్యి నాకిచ్చేస్తావా? అయితే మా నాన్న మనెస్ చెయ్యి ఎందుకు పట్టుకున్నట్టురా? నేనెందుకు దిగినట్టు? ఒకడు చెబితే ఇంకొకడు చెయ్యెత్తేదయితే, అది అల్కిమెనెస్ కాళ్ళు కడిగే మనెస్ పని. నీకది కావాలా?"

"అన్నా..."

"వెళ్ళు. మాట్లాడేవాళ్ళ మాటలన్నీ విను. తొందరపడి నిద్రపోకు, పోయినసారి గురకపెట్టావని విన్నాను. విని, నీకేం తోస్తే అది చెయ్యి. బయటికొచ్చాక ఏం చెప్పారో నాకు చెప్పు. నువ్వెటు ఎత్తావో మాత్రం చెప్పకు."

స్ట్రాటోన్ మొహం తుడుచుకున్నాడు. చేతికున్న మసి బుగ్గకంటుకుంది. తాడు దాటి లోపలికెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

ఎండెక్కాక ఓటు వచ్చింది. చేతులు లేచాయి. నేను తల తిప్పి తాడు వైపు చూశాను. సిమాలోస్ బస్తాలమీద నిలబడి, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, ఆ వేలచేతుల్లో ఏదో వెతుక్కుంటున్నాడు. కమ్మరివాళ్ళు, తోళ్ళవాళ్ళు, బొగ్గులవాళ్ళు, సగం చేతులు నల్లవే. అంత దూరం నుంచి ఏది ఎవరిదో ఆనవాలు పట్టడం ఎవరివల్లా కాదు.

సాయంత్రం దారిలో స్ట్రాటోన్ ఎవరు ఏం మాట్లాడారో మొత్తం చెప్పుకొచ్చాడు. సిమాలోస్ మధ్యలో ఆపి ఆపి అడిగాడు. గాడిదలు ముందు నడుస్తున్నాయి. ఓడలు పంపాలన్నవాళ్ళే గెలిచారు. అది తప్పని సిమాలోస్ అన్నాడు. కాదని స్ట్రాటోన్ అన్నాడు. స్కీనోస్ చేరేదాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు.